బాలిన్‌ను బతికించవచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఊరు చిన్నది కనుక ఆయన ఉద్యోగం, వీధి, మిత్రుల పేర్లు వదిలేసి, సమస్య అర్థమయ్యే మేరకు ఇక్కడ చెబుతున్నాను.

ఆయన వయసు ముప్పై నాలుగు. కిందటేడాది ‘ద వన్ రింగ్’ అనే ఆట పుస్తకం తెప్పించుకున్నారు. టోల్కీన్ రాసిన ‘ద హాబిట్’, ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నవలల్లోని మిడిల్ ఎర్త్ అనే కల్పిత లోకంలో నడిచే ఆట ఇది. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు కథకుడు. మిగతావారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నోటితో చెబుతారు. ఫలితం ఎటూ తేలని చోట పాచికలు వేస్తారు. ఒకరు గెలిచి మరొకరు ఓడే ఆట కాదు, అందరూ కలిసి కథ నడుపుతారు.

ఆదివారం భోజనాలయ్యాక మేడ మీద గదిలో అయిదుగురు చేరేవారు. ఉత్తరం రాసినవారే కథకుడు. ఆడేవారు ఆయన బావమరిది, చిన్ననాటి ఒడియా మిత్రుడు, చిన్నాన్న కొడుకు, ఆ అబ్బాయితో కాలేజీలో చదివే ఒక అమ్మాయి. మాటలు తెలుగులో మొదలై, కథ వేడెక్కేసరికి సగం ఒడియాలోకి మారేవట. అలా పదకొండు ఆదివారాలు ఆడారు.

బావమరిది తొమ్మిదో తరగతి నుంచి ఆ నవలలే చదువుతున్నాడు. ఏ రాజు ఏ సంవత్సరంలో పోయాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒడియా మిత్రుడు వాటిలో ఒక్క పేజీ చదవలేదు. కానీ అందరిలోకీ మనసు పెట్టి ఆడేది అతనేనని ఉత్తరంలో మూడు చోట్ల ఉంది. అతని పాత్ర ఒక మరుగుజ్జు యోధుడు. ఆ యోధుడికి పెద్దదిక్కు బాలిన్ అనే వయసు మళ్లిన మరుగుజ్జు ప్రభువు. బాలిన్ మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఉత్తరం రాసినవారు చనిపోయిన తమ తాతగారి గొంతు తెచ్చుకునేవారు. మాట మొదలుపెట్టే ముందు చిన్నగా దగ్గు, ముగించాక “సరేలే నాయనా” అనడం. మిత్రుడికి ఆ తాతగారు తెలుసు. చిన్నప్పుడు ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకున్నాడు.

మోరియా అనే పాడుబడిన భూగర్భ నగరాన్ని మళ్లీ తమవారి చేతికి తేవాలన్నది బాలిన్ కోరిక. పదకొండో ఆదివారం మిత్రుడి యోధుడు “వద్దు తాతా, వెళ్లకు” అని బతిమాలి పాచిక వేశాడు. పన్నెండు ముఖాల పాచిక మీద గాండాల్ఫ్ అనే మాంత్రికుడి గుర్తు పడింది. ఈ ఆటలో ఆ గుర్తు పడితే ప్రయత్నం ఫలించి తీరుతుంది. గదంతా కేకలు. ఆ కేకల మధ్య బావమరిది, “ఎందుకంత సంబరం? బాలిన్ మోరియాకు వెళ్తాడు, అక్కడే చస్తాడు. సమాధి కూడా ఉంది, పుస్తకంలో రాసి ఉంది” అన్నాడు. ఉత్తరం రాసినవారికి ఒళ్లు మండింది. “ఇది నా ఆట. నోరు మూసుకుని ఆడితే ఆడు, లేకపోతే లేచి వెళ్లు” అన్నారు. అతను లేచి వెళ్లాడు. మిత్రుడు తన పాచికలు సంచిలో వేసుకుని, పనుందని చెప్పి మెట్లు దిగాడు. నాలుగు వారాలైంది. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఈలోగా బావమరిది ఫోనులో పద్నాలుగు తప్పుల జాబితా పంపాడు. హాబిట్లు అనే పొట్టి మనుషులుండే షైర్ ప్రాంతానికి కథకుడు ‘పచ్చసీమ’ అని పేరు పెట్టడం అందులో మొదటి తప్పు. ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోంచేసే మనిషి ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి అమ్మ పంపిన డబ్బా అందించి వెళ్లిపోతున్నాడు. “నా తమ్ముణ్ణి నలుగురిలో అంత మాట అంటారా” అని భార్య మాట్లాడటం తగ్గించింది. నవలకు కట్టుబడి ఆడాలా, దాన్ని వదిలేసి మహేంద్రగిరి చుట్టూ సొంత లోకం కట్టుకోవాలా, బావమరిదిని పక్కన పెట్టాలా, ఆటే మానేయాలా అని ఆయన ప్రశ్న. ఇంత చిన్న విషయానికి ఉత్తరం రాసినందుకు క్షమించమని చివర్లో అడిగారు.

క్షమాపణ అక్కర్లేదండీ. ఒక చిన్ననాటి స్నేహితుడు నెల రోజులుగా మీ మెట్లెక్కలేదు. మీ ఇంట్లో కంచం ముందు కూర్చునే మనిషి గుమ్మంలోనే ఆగిపోతున్నాడు. దీన్ని చిన్న విషయమని నేను అనలేను.

మా అక్క కొడుకు బరంపురంలో ఇదే ఆట ఆడతాడు. మీ ఉత్తరం అందాక రెండు ఆదివారాలు అతని బల్ల పక్కన కూర్చున్నాను. నియమాల పుస్తకం అరువు తెచ్చుకుని చదివాను. నవలలు చాలా ఏళ్ల కిందట చదివినవే, కొన్ని అధ్యాయాలు మళ్లీ తిరగేశాను. అందుకే ఆట గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను. మీ తగవులో సగం ఆట గురించే కదా.

ముందుగా, పుస్తకం సంగతి వరకు మీ బావమరిది చెప్పింది నిజం. నవలల కాలమానంలో మూడో యుగం 2989లో బాలిన్ మోరియాకు వెళ్తాడు. అయిదేళ్లయినా నిండకుండా 2994లో ఓర్క్ అనే రాక్షస జాతివాడి బాణానికి చనిపోతాడు. 3019లో, నవలకు కీలకమైన మాయా ఉంగరం మోసుకెళ్తున్న బృందం అతని సమాధిని చూస్తుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అయితే మీరు ఆడుతున్న రెండో కూర్పు, 2022లో వచ్చింది, దాని కథ అదే కాలమానంలో 2965లో మొదలవుతుంది. మీ కథ పదకొండు వారాల్లో ఒక్క ఏడాది కూడా దాటలేదని మీరే రాశారు. బాలిన్ మోరియాకు బయల్దేరడానికి ఇంకా ఇరవై నాలుగేళ్లుంది. మీ మిత్రుడు “వెళ్లకు” అన్నాడు, పాచిక ఒప్పుకుంది. బాలిన్ ఆ ఏడాది ప్రయాణం మానుకున్నాడంటే పుస్తకంలో ఒక్క అక్షరం కూడా చెరగదు. పైగా ఇరవై నాలుగేళ్లు ఎందుకు ఆగాడన్న దానికి మీ మిత్రుడి బతిమాలుకోలు చక్కని కారణమవుతుంది. కోపం లేని రోజైతే ఈ మాట మీ బావమరిదే చెప్పి ఉండేవాడనుకుంటున్నాను.

ఆటను తయారుచేసినవారు కథాకాలాన్ని తెలిసే ఎంచుకున్నారు. 2011 నాటి మొదటి కూర్పు 2946లో మొదలవుతుంది, రెండోది 2965లో. రెండూ ‘ద హాబిట్’ సంఘటనలు ముగిశాక, ఉంగరం యాత్ర మొదలయ్యే ముందు ఉన్న డెబ్బై అయిదేళ్ల పైచిలుకు కాలంలోకే వస్తాయి. ఆ కాలం గురించి నవలాకారుడు కొద్ది మాటలే చెప్పాడు. మిగిలిన ఖాళీ మీ మేడ మీది గదిలాంటి గదుల కోసమే ఉంది.

ఇక నవలకు విధేయత అనే మాట. ఈ లోకాన్ని ఆటగా మలచడం ఇది మొదటిసారి కాదు. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ హాబిట్లను పేరుతో సహా వాడుకుంది, హక్కుదారులు అభ్యంతరం చెప్పాక ‘హాఫ్‌లింగ్’ అని మార్చుకుంది. 1984లో ‘మిడిల్ ఎర్త్ రోల్ ప్లేయింగ్’ అని నేరుగా ఈ లోకం పేరుతోనే ఒక ఆట వచ్చింది. ప్రాంతాల వర్ణనలో దానికి సాటి లేదని అభిమానులు ఇప్పటికీ అంటారు. కానీ నియమాలు వేరే ఆట నుంచి కుదించి తెచ్చినవి. ఏ దెబ్బకు ఏ ఎముక విరిగిందో చెప్పే పట్టికలు, నవలల్లో కనిపించనంత విరివిగా మంత్రాలు. పటం సరిగ్గా ఉంది, గాలి వేరు. మీ చేతిలో ఉన్న ఆట దీనికి తలకిందులు. ఇందులో పోరాటం ఎంత ప్రమాదమో ప్రయాణమూ అంతే ప్రమాదం. దారి చూపేవాడు, వేటాడేవాడు, కాపలా కాసేవాడు, ముందు వెళ్లి చూసి వచ్చేవాడు అని పనులు పంచుకోకపోతే వారం నడిచేసరికి బృందం నీరసిస్తుంది. ప్రతి పాత్రకూ ఆశ అని ఒక లెక్క, ఛాయ అని మరో లెక్క. ఛాయ పెరిగి ఆశను అందుకున్న రోజున ఎంతటి వీరుడైనా కుంగిపోతాడు. ఆ పన్నెండు ముఖాల పాచిక మీద గాండాల్ఫ్ గుర్తుకు తోడు నవలల్లోని దుష్టప్రభువు సౌరాన్ కన్ను కూడా ఉంది. మా అక్క కొడుకు బల్ల మీద ఆ కన్ను పడినప్పుడు నలుగురు పిల్లలూ మాట్లాడకుండా దాన్నే చూస్తూ ఉండిపోయారు. నవల చదువుతున్నప్పుడు కలిగే దిగులు సరిగ్గా అదే. సంవత్సరాల్లో కాకుండా ఆ దిగులులో, ఆ ఆశలో పుస్తకానికి విధేయంగా ఉండే ఆట ఇది. నాకు నచ్చింది అందుకే.

లోపాలూ ఉన్నాయి. కథకుడు వర్ణన మీద శ్రద్ధ పెట్టకపోతే ప్రయాణాలు వరసగా పాచికలు వేయడంగా మిగిలిపోతాయి. మంత్రశక్తులు కావాలనుకుని వచ్చినవారికి చేతులు కట్టేసినట్టుంటుంది. మీ బల్ల దగ్గర మాత్రం ఆట గెలిచింది. ఒక్క పేజీ చదవని మనిషి బాలిన్ కోసం గొంతు పూడుకుపోయేలా బతిమాలాడంటే అంతకంటే విధేయత ఏముంది? ఈ మాట మీ బావమరిదికి చెప్పవలసింది మీరే. వాదనగా కాకుండా, “నీకు ఇష్టమైన మనిషిని వీడికి కూడా ఇష్టమయ్యేలా చేశాం చూడు” అన్నట్టుగా చెప్పండి.

ముగింపు ముందే తెలియడం వల్ల కథ చెడిపోదు. అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి బయటికి రాడని తెలియని శ్రోత మన ప్రాంతంలో ఎవరున్నారు? అయినా హరికథ చెప్పేవారు ఆరో ద్వారం దాకా తెచ్చేసరికి, ఈసారి బయటపడతాడేమోనని ముసలివాళ్లు సైతం ముందుకు వంగుతారు. బాధ ఎక్కడొచ్చిందంటే, మీ మిత్రుడికి ఆ చావు కథగా అందలేదు. అతను గెలిచిన క్షణంలో, అతని చేతిలోని పాచిక ఇంకా వెచ్చగా ఉండగానే, ఒక అధికార ప్రకటనలా అందింది. పైగా అది మీ తాతగారి గొంతు. తాతగారు పోయినప్పుడు ఆ మిత్రుడు ఎక్కడున్నాడో మీరు రాయలేదు. ఒకసారి గుర్తు చేసుకోండి. అతను అసలు కారణం చెప్పకుండా వెళ్లిపోవడంలో బాలిన్ ఒక్కడే లేడేమో.

మీరు అడిగిన దారుల సంగతికి వస్తాను.

మొదటిది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే జరుగుతుందని అందరూ ఒప్పుకుని ఆడటం. అప్పుడు బాలిన్ 2989లో వెళ్తాడు. ఇది మీ బావమరిదికి నచ్చుతుంది, మిత్రుడికి కష్టంగా ఉంటుంది. కానీ ఇందులోనూ అతనికి చోటుంది. మోరియాకు బాలిన్‌తో వెళ్లిన మరుగుజ్జుల్లో కొద్దిమంది పేర్లే నవలలో ఉన్నాయి. కొంతకాలం మంచి కబుర్లు వచ్చాయి, ఆ తర్వాత ఏ కబురూ లేదు, అంతే. పేరులేని ఆ మిగతావారిలో మీ మిత్రుడి యోధుడు ఉండవచ్చు. తాతను ఆపలేనప్పుడు తాతతో కలిసి వెళ్లడం కూడా ఒక కథే. అందుకు అతను సిద్ధమో కాదో అతన్నే అడగాలి. మీరిద్దరూ అతని తరఫున నిర్ణయిస్తే మళ్లీ అదే తప్పు జరుగుతుంది.

రెండోది, ఆట మొదలైన రోజు వరకు పుస్తకం చెప్పిందే చరిత్ర, ఆ తర్వాతిది మాత్రం బల్ల దగ్గర తేలుతుందని ప్రకటించడం. బాలిన్ బతకవచ్చు. ఇది మిత్రుడికి ఊరట. కానీ బావమరిది ఏం కోల్పోతాడో చూడండి. ఇన్నేళ్లు పోగు చేసుకున్నదంతా ఒక్క మాటతో అతని చేతుల్లోంచి జారిపోతుంది. రేపు ఏం జరుగుతుందో తెలియని లోకంలో అతను కూడా మిగతా నలుగురిలాంటివాడే. కొందరికి అది విడుదల, కొందరికి నేల కదిలినట్టుంటుంది. అతను ఏ రకమో మీకన్నా మీ ఆవిడకు బాగా తెలుసు.

ఈ దారి పట్టేముందు అతనికి చూపించడానికి మన ప్రాంతంలోనే ఒక వస్తువుంది. మా పెద్దనాన్న వీధి అరుగు మీద గంజపా అనే పాతకాలపు పేకాట ఆడేవారు. గుండ్రటి ముక్కలు, చింతగింజల గంజితో గుడ్డ పొరలు అంటించి, సుద్ద పూసి, రంగులు వేసి, లక్క పట్టించినవి. అందులో ఒక ముక్క నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. మూడు కాళ్లు మూడు జంతువులవి. నాలుగోది పైకెత్తిన మనిషి చెయ్యి. దాని పేరు నవగుంజర. కృష్ణుడు అర్జునుడికి ఆ రూపంలో కనిపించాడట. అర్జునుడు బాణం ఎక్కుపెట్టి, ఆ చెయ్యి చూసి విల్లు దించాడట. వ్యాసభారతం మొత్తం వెతికినా ఈ కథ దొరకదు. పదిహేనో శతాబ్దంలో సారళదాసు ఒడియాలో రాసిన భారతంలో ఉంది. మన శశిరేఖ పెళ్లి కథ కూడా వ్యాసుడిది కాదు. అలాగని వాటిని తప్పుల జాబితాలో ఎవరు రాశారు? సారళదాసు మూలాన్ని ప్రేమించాడు కాబట్టే దానికి ఇంకో జంతువును చేర్చాడు. ఆ జంతువు చివరికి ఆటముక్క అయింది. పుస్తకం నుంచి ఆట పుట్టడం గంజాం, పర్లాకిమిడి వీధుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. మీ ఊళ్లో పాత ఇళ్లలో ఆ ముక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే సంపాదించి, అతని చేతిలో పెట్టండి.

మూడో దారి సొంత లోకం. మహేంద్రగిరి మీద మీకున్న ఇష్టం ఉత్తరంలో తెలుస్తోంది. పాండవుల పేర్లున్న గుళ్లు, పరశురాముడి కథలు, పదిహేను వందల మీటర్ల కొండ, కింద మహేంద్రతనయ నది. కథకుడికి అంతకంటే ఏం కావాలి? కానీ ఇప్పుడు కోపంలో కట్టవద్దు. ఈ వారమే మొదలుపెడితే అది బావమరిదిని బయట ఉంచడానికి కట్టిన గోడ అవుతుంది, అతనికీ తెలిసిపోతుంది. మిత్రుడు కూడా తన యోధుణ్ణి, బాలిన్‌ను వదులుకోవలసి వస్తుంది. ఎప్పుడైనా కడితే ఒక జాగ్రత్త తీసుకోండి. ఆ కొండల్లో సవరలు ఉన్నారు. వాళ్ల దేవతలను, ఆచారాలను బల్ల మీద వింత వస్తువుల్లా పరచకండి. వాళ్లు మీకు ఇరుగుపొరుగు.

బావమరిదిని పక్కన పెట్టి నలుగురితో ఆడటం నాలుగోది. ఆట సాఫీగా నడుస్తుంది. ఆదివారం భోజనం మాత్రం నడవదు. మీ ఇంట్లో ఆ రెండూ ఒకే రోజు, ఒకే మెట్ల మీద ఉన్నాయి. ఆట పూర్తిగా మానేస్తే ఆ గదిని తలచుకున్నప్పుడల్లా ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఈ రెంటినీ నేను సలహాగా ఇవ్వను. కానీ నిర్ణయం మీది.

మీ బావమరిది గురించి ఉత్తరంలో ఒక వాక్యం వేరే సందర్భంలో రాశారు. మూడేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తున్నాడని, కిందటిసారి రెండు మార్కుల్లో పోయిందని. ఇంట్లో, వీధిలో, పెళ్లిళ్లలో అందరూ ఆ కుర్రాణ్ణి ఒకటే ప్రశ్న అడుగుతూ ఉంటారు. దానికి అతని దగ్గర జవాబు లేదు. వారానికి ఒక మధ్యాహ్నం, ఒక్క గదిలో, ఏది అడిగినా జవాబు తెలిసిన మనిషి అతనే. ఆ గదిలో పుస్తకం చదవని స్నేహితుడికి చప్పట్లు పడ్డాయి. అతను అన్న మాట క్రూరమైనదే, దాన్ని నేను సమర్థించను. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు కనిపిస్తోంది. ఆ జ్ఞానానికి బల్ల దగ్గర ఒక కుర్చీ వేయండి. ప్రతి ఆట ముందు పది నిమిషాలు, ఈ వారం వీరులు వెళ్లే చోటు గురించి అతను చెప్పాలి. ఆట నడుస్తున్నప్పుడు మీరు అడిగితేనే చెప్పాలి. రాబోయే సంగతులు ఎవరైనా వద్దంటే చెప్పకూడదు. లేదా నాలుగు వారాలు అతన్నే కథకుణ్ణి చేసి, మీరు ఒక హాబిట్‌గా కూర్చోండి. ఎదుటివాళ్లు తాను అనుకోనిది చేసినప్పుడు కథకుడికి ఎలా ఉంటుందో అతనికి అర్థమవుతుంది. ఇందులో ప్రమాదమూ ఉంది. అతను అందరినీ పుస్తకం గీసిన గీత మీదే నడిపిస్తే చిన్నవాళ్లిద్దరూ విసిగిపోతారు. గడువు పెట్టుకుని చేయండి.

‘పచ్చసీమ’ విషయంలో మాత్రం నేను పూర్తిగా మీవైపు. టోల్కీన్ తన నవలను వేరే భాషలోంచి తాను ఇంగ్లీషులోకి తెచ్చినట్టుగానే రాశాడు, అది ఆ కల్పనలో భాగం. అనువాదకుల కోసం పేర్ల మీద ఒక సూచిక కూడా తయారుచేశాడు. ఇంగ్లీషులో అర్థమున్న పేర్లను ఎవరి భాషలో వాళ్లు అర్థం వచ్చేలా మార్చుకోవాలని, ఎల్ఫులు అనే మరో జాతివారి భాషలోని పేర్లను కదపవద్దని అందులో చెప్పాడు. షైర్ అంటే సీమ. ముందు ‘పచ్చ’ చేర్చింది మీరు, చక్కగా కుదిరింది. వాడుక భాషకు గౌరవం తేవడానికి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చడానికి గిడుగు రామమూర్తి గారు జీవితం ధారపోసిన ఊరు మీది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, భాష మాత్రం మీ వీధుల్లో ఉండిపోయింది. హాబిట్లు అక్కడ తెలుగు మాట్లాడితే తప్పేమీ లేదు. జాబితాలోని మిగతా పదమూడింటిలో ఎన్ని నిజమో అతనితో కూర్చుని చూడండి. నిజమైనవాటిని ఒప్పుకోండి. మరుగుజ్జుల గడ్డాల సంగతి అతనే కరెక్టు.

ఇక మీ మాట. “ఇది నా ఆట” అన్నారు. పుస్తకం మీరు కొన్నారు, రాత్రుళ్లు కూర్చుని తయారయ్యేది మీరు, నిజమే. కానీ ఆ మధ్యాహ్నం అతను “ఇది పుస్తకం” అన్నదానికి, మీరు “ఇది నాది” అన్నదానికి పెద్ద తేడా నాకు కనిపించలేదు. పాచిక వేసినవాడి సంగతి ఇద్దరూ మరిచిపోయారు. బావమరిదికి ఆ ఒక్క మాట గురించి క్షమాపణ చెప్పండి. నలుగురిలో అన్నది నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. “నువ్వూ అన్నావు కదా” అని దానికి తోక తగిలించకండి.

మీ ఆవిడ విషయంలో ఆమె తమ్ముడి తరఫున మాట్లాడుతోందని మీరు రాశారు. అదే ఉత్తరంలో, ఆదివారాలు ఎంత బాగుండేవో వర్ణిస్తూ, నాలుగింటికి టీ, పకోడీలు పైకి వచ్చేవని రాశారు. వాటంతట అవి రాలేదు కదండీ. పదకొండు ఆదివారాలు అయిదుగురికి వండి, మళ్లీ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి, పైనుంచి వచ్చే నవ్వులు కింద నుంచి వింది. ఆ పదకొండో ఆదివారమే ఆమె తమ్ముడు తల దించుకుని ఆ మెట్లే దిగితే ఆమెకు కోపం రాకుండా ఉంటుందా? టీ మీరు పెట్టండి. ఆమెకు ఇష్టమైతే ఒక వారం వచ్చి కూర్చోమనండి, కాదంటే ఆ మధ్యాహ్నం ఆమెది ఆమెకు వదిలేయండి.

ఇవన్నీ ఎప్పుడు, ఏ వరసలో అంటే, నేనైతే మిత్రుడితో మొదలుపెడతాను. బావమరిదితో సర్దుబాటు చేసుకుని ఆ తర్వాత కబురు పెడితే, అది మీ ఇంటి రాజీలో అతన్ని కూడా కలిపినట్టుంటుంది. అతని ఇంటికి ఒక్కరే వెళ్లండి. ఫోను చేయకండి. నవల గురించి, నియమాల గురించి, ఏ దారి పట్టాలన్న దాని గురించి ఆ రోజు ఎత్తకండి. అతను గాండాల్ఫ్ గుర్తు వేశాడు. ఆ గుర్తు పడితే ప్రయత్నం ఫలిస్తుందని మీరే నేర్పారు. ఆ తర్వాత గొడవ జరిగింది, అందరూ లేచిపోయారు, ఫలితం ఇప్పటికీ అతనికి ఎవరూ చెప్పలేదు. “వద్దు తాతా, వెళ్లకు” అన్న మనిషికి నెల రోజులుగా జవాబు రాలేదు. ఎదురుగా కూర్చుని, చిన్నగా దగ్గి, మీ తాతగారి గొంతుతో ఆ జవాబు చెప్పండి.